క్రిస్మస్ పర్వకాలము: పుట్టుకయు, అంతరార్థమును

1. మూడు శతాబ్దుల మౌనము

డిసెంబరు 25వ తేదీ క్రీస్తు జన్మదినముగా నేడు క్రైస్తవులలో అత్యధికులకు పెద్ద పండుగ. కృష్ణా, గుంటూరు ప్రాంతముల పల్లెలలో సయితము ఆ నెల రాగానే ఇండ్లముందు నక్షత్రాకారపు దీపములు వ్రేలాడుట మనమెఱిగినదే. ఇంత ప్రసిద్ధమైన ఈ పండుగను, క్రైస్తవ మతము పుట్టిన తరువాత ఇంచుమించు మూడు వందల సంవత్సరములవఱకు ఆ మతస్థులు జరుపుకొన్నట్లు నిశ్చితమైన ఆధారము లేదు. చరిత్ర పరిశోధకుడు మొదట ఆలోచింపవలసినది ఈ మౌనమును గూర్చియే.

నాలుగు సువార్తలలో మార్కు, యోహాను అనువారివి యేసు జననవృత్తాంతమును చెప్పవు. మత్తయి, లూకాలు చెప్పిరి. కాని మాసముగాని, దినముగాని సూచింపలేదు. క్రీ. శ. 200 ప్రాంతమున అలెగ్జాండ్రియా నగరమున నివసించిన క్లెమెంటు, యేసు జన్మదినమును గణింప యత్నించిన కొందఱు మే నెలలోని యొక దినమును, మఱికొందఱు ఏప్రిలులోని దినములను చెప్పుచున్నారని వ్రాసెను. అతడు పేర్కొన్న మతములలో డిసెంబరు 25 లేదు. అతని తరువాతి తరమువాడైన ఓరిగెన్ ఇంకను కఠినముగా మాట్లాడెను. తమ జన్మదినమును విందులతో జరుపుకొన్నవారు బైబిలులో ఫరో, హేరోదు వంటి పాపులే కాని భక్తులెవ్వరును కారని అతని వాదము. పుట్టినరోజు పండుగ రాజులకును, అన్యమతస్థులకును చెందిన ఆచారమని ఆనాటి క్రైస్తవుల తలంపు.

వారికి పుట్టినరోజు లేకపోలేదు. అయితే ఆ మాటకు వారు వేఱొక అర్థము కల్పించుకొనిరి. రెండవ శతాబ్ది మధ్యమున స్ముర్నా నగరపు బిషప్పు పాలికార్పును అధికారులు చంపించిరి. ఆయన మరణవృత్తాంతమును వ్రాసిన ఆ నగరపు సంఘస్థులు, ప్రతి సంవత్సరమును ఆయన హతసాక్షియైన దినమును ఆయన జన్మదినముగా జరుపుకొనగోరుచున్నామని తెలిపిరి. సత్యముకొఱకు మరణించిన దినమే నిత్యజీవమున పుట్టిన దినమని దాని భావము. రోమునగర సంఘమును లాటిను భాషలో జన్మదినవాచకమైన పదమునే హతసాక్షుల మరణదినములకు వాడెను. అనగా ఆ తొలి క్రైస్తవుల పంచాంగమున మరణమే ముఖ్యము. ఈస్టరు పండుగయే దానికి కేంద్రము.

ఇట్టి సమాజమున ఒక శిశువు జననమును కొనియాడు పండుగ ఎట్లు పుట్టెను? పుట్టి, నూఱేండ్లలోపల రోమునుండి అంతియొకయవఱకు, కాన్‌స్టాంటినోపిలువఱకు ఎట్లు ప్రాకెను? ఆ పండుగ ఏ ఆధ్యాత్మికార్థమును మోయుటకు ఏర్పడినది? ఈ ప్రశ్నలను పరిశీలించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. పండుగయొక్క పుట్టుక తెలిసినంతమాత్రమున దాని అర్థము తెలిసినట్లు కాదనుట, ఆ అర్థమును ఒక్క దినమునందుగాక పర్వకాలపు వరుసయందు వెదకవలెననుట, ఇందలి ప్రతిపాదనలు.

2. తేదీని గూర్చిన వివాదము

డిసెంబరు 25 క్రీస్తు జన్మదినమని స్పష్టముగా తెలుపు ప్రాచీనాధారము రోమునగరమున క్రీ. శ. 354లో సంకలితమైన ఒక పంచాంగ గ్రంథము. అందలి హతసాక్షుల పట్టిక మొదటనే, యూదయ దేశపు బేత్లెహేమున క్రీస్తు పుట్టిన దినముగా ఈ తేదీ కనబడుచున్నది. ఆ పట్టిక క్రీ. శ. 336 నాటికే ఏర్పడియుండునని పండితుల నిర్ణయము. ఆసక్తికరమైన విషయమేమన, అదే గ్రంథములోని లౌకిక పంచాంగమున అదే తేదీకి అజేయుని జన్మదినమనియు, ఆనాడు ముప్పది రథపు పందెములు జరుగుననియు వ్రాయబడియున్నది. అజేయుడనగా సూర్యదేవుడని సామాన్యముగా గ్రహింపబడుచున్నది. చక్రవర్తి ఆరీలియన్ క్రీ. శ. 274లో రోమున ఈ అజేయ సూర్యునకు ఆలయమును ప్రతిష్ఠించెను.

ఒకే పుస్తకమున ఒకే తేదీకి ఇద్దఱి జన్మదినములు! దీనినుండి రెండు సిద్ధాంతములు బయలుదేరినవి. రెండింటికిని ప్రసిద్ధమైన గ్రంథములు 1889లోనే వెలువడుట విశేషము. జర్మను పండితుడు హెర్మన్ ఉసెనర్, సూర్యుని పండుగ స్థానమున క్రైస్తవులు తమ పండుగను నిలిపిరని వాదించెను. ఫ్రెంచి చరిత్రకారుడు లూయీ డ్యుషేన్ వేఱొక మార్గమును చూపెను. మార్చి 25న క్రీస్తు సిలువపై మరణించెనను సంప్రదాయము పశ్చిమ దేశములలో టెర్టూలియన్ కాలమునకే కలదు. మహాపురుషుని ఆయుర్దాయము పూర్ణసంఖ్య కావలెనను నమ్మికచే, ఆయన మాతృగర్భమున ప్రవేశించినదియు ఆ దినమే యనుకొనిరి. అందుండి తొమ్మిది మాసములు లెక్కించినచో డిసెంబరు 25 వచ్చును. తూర్పు దేశములలో కొందఱు మరణదినము ఏప్రిలు 6 అనుకొనిరి. అందుండి లెక్కించినచో జనవరి 6 వచ్చును. అక్కడి సంఘములు జరుపుకొన్న తేదీయు అదియే. అగస్టీను తన త్రిత్వ విషయక గ్రంథమున, క్రీస్తు గర్భప్రవేశమును మరణమును మార్చి 25ననే జరిగినవని వ్రాయుట డ్యుషేన్ వాదమునకు బలమిచ్చుచున్నది. 1986లో థామస్ టాలీ ఈ గణన సిద్ధాంతమును మరల విపులముగా సమర్థించెను.

ఈ రెండు వాదములలోను చిక్కులు కలవు. సూర్యుని పండుగ డిసెంబరు 25న జరిగెననుటకు దొరకు స్పష్టమైన తొలి సాక్ష్యము కూడ ఆ 354 నాటి గ్రంథమే. కావున ఏది ముందో, ఏది వెనుకో తేల్చుట సులభము కాదు. గణన సిద్ధాంతమునకు ఆధారమైన అగస్టీను వచనము పండుగ ఏర్పడిన తరువాతిది. ఉన్న పండుగకు వెదకిన సమర్థనమని ప్రతివాది అనవచ్చును. ఒక్కటి మాత్రము నిశ్చయము: ఆ తేదీకిని సూర్యునికిని గల సంబంధమును నాలుగు, ఐదు శతాబ్దుల క్రైస్తవులు దాచలేదు. రోము పోపు మొదటి లియో, సెయింటు పీటరు దేవాలయపు మెట్లపై నిలిచి ఉదయసూర్యునివైపు తిరిగి తలవంచు క్రైస్తవులను తన క్రిస్మస్ ప్రసంగమున మందలించెను. ఈ దినమును సూర్యునికొఱకు గాక సూర్యుని చేసినవానికొఱకు పాటింపవలెనని అగస్టీను బోధించెను. మందలింపు ఉన్నదనగా మందలింపవలసిన ఆచారమును ఉన్నదన్నమాట.

ఇచట మన పంచాంగముతో ఒక పోలిక చెప్పినచో విషయము విశదమగును. జూలియస్ సీజరు క్రీ. పూ. 45లో అమలుపఱచిన పంచాంగమున డిసెంబరు 25 దక్షిణాయనాంత దినముగా ఎన్నబడెను. అనగా ఆనాటినుండి పగలు పెరుగును. ఆ పంచాంగమునందలి స్వల్పదోషముచే నాలుగవ శతాబ్దినాటికే నిజమైన అయనాంతము నాలుగు దినములు వెనుకకు జరిగినది. అయినను పండుగ తేదీ మారలేదు. మన మకర సంక్రాంతి చరిత్రయు ఇట్టిదే. క్రీ. శ. మూడు, నాలుగు శతాబ్దుల ప్రాంతమున మకర సంక్రమణమును ఉత్తరాయణారంభమును ఇంచుమించు ఒకే సమయమున జరిగెడివి. అయనచలనముచే నేడవి సుమారు ఇరువదినాలుగు దినముల యెడముగా ఉన్నవి. అయినను సంక్రాంతినాడే మనము ఉత్తరాయణ పుణ్యకాలమందుము. సూర్యుడు దాటిపోయినను పండుగ నిలిచినది. కారణమేమన, పండుగను నిలుపునది దాని ఖగోళము కాదు, జనులు అందు నిలిపిన అర్థము. ఈ రెండు పండుగలకును పరస్పర ప్రభావము కలదని చెప్పుట నా అభిప్రాయము కాదు. రెండింటి నడకలోని సామ్యమును మాత్రమే చూపుచున్నాను.

3. సిద్ధాంతము పండుగయగుట

తేదీ ఎట్లు వచ్చినను, పండుగ వ్యాపించిన కాలము గమనింపదగినది. నాలుగవ శతాబ్ది క్రైస్తవ చరిత్రలో మహావివాదముల కాలము. అలెగ్జాండ్రియాకు చెందిన అరియస్ అను ప్రెస్బిటరు, దేవుని కుమారుడును సృష్టింపబడినవాడే కాని తండ్రితో సమానుడు కాడని బోధించెను. క్రీ. శ. 325లో నైసియా నగరమున కూడిన సభ ఈ బోధను త్రోసిపుచ్చి, కుమారుడు తండ్రితో ఏకతత్త్వము గలవాడని నిర్ణయించెను. వివాదము అంతటితో ఆగలేదు. 381లో కాన్‌స్టాంటినోపిలు సభ జరుగువఱకు చక్రవర్తుల మతము మారినపుడెల్ల బిషప్పులు పీఠములను కోల్పోవుచు, మరల పొందుచు నుండిరి.

కాన్‌స్టాంటినోపిలు నగరమున డిసెంబరు 25 పండుగ ప్రవేశము సరిగా ఈ ఘట్టముననే కనబడుచున్నది. 379లో గ్రెగరీ నాజియాంజెన్ ఆ నగరమునకు వచ్చునప్పటికి అచటి దేవాలయములు అరియస్ పక్షమువారి యధీనమున నుండెను. నైసియా సభ నిర్ణయమును నమ్మిన చిన్న సమాజమునకు ఒక యింటిలోని ప్రార్థనామందిరమే దిక్కు. ఆ సంవత్సరమునగాని, మరుసటి సంవత్సరమునగాని ఆయన చేసిన జననోత్సవ ప్రసంగము నేటికిని నిలిచియున్నది. దానియందు ఆయన చేసిన ప్రధాన ప్రతిపాదన: కాలమునకు అతీతుడైనవాడు కాలమున ప్రవేశించెను, అదృశ్యుడైనవాడు దృశ్యుడాయెను, సంపన్నుడైనవాడు మనకొఱకు దరిద్రుడాయెను. నైసియా సభ తత్త్వశాస్త్ర పరిభాషలో చెప్పినదానిని ఆ ప్రసంగము పశువుల తొట్టియొద్ద నిలిపి చూపెను.

అంతియొక నగరమున 386లో జాన్ క్రిసోస్తము చేసిన ప్రసంగమును ముఖ్యమే. ఈ పండుగ మనకు తెలిసి ఇంకను పదియేండ్లు కాలేదని ఆయన శ్రోతలకు నిస్సంకోచముగా చెప్పెను. క్రొత్త పండుగయని కొందఱు సందేహించుచుండగా, ఆయన దాని పక్షమున వాదించెను. అంతకు కొలది దినములకు ముందే వేఱొక ప్రసంగమున ఆయన దీనిని పండుగలన్నిటికిని తల్లిగా వర్ణించెను. ఆయన తర్కము సరళము: పుట్టనివానికి బాప్తిస్మము లేదు, మరణము లేదు, పునరుత్థానము లేదు. ఈస్టరు వృక్షమైనచో దాని వేరు బేత్లెహేమున ఉన్నది. మరణమే కేంద్రముగానున్న పంచాంగమున జననమునకు చోటు దొరకుటకు ఇదియే మార్గమాయెను.

ఇంతమాత్రముచే అరియస్ వివాదమే క్రిస్మస్ పండుగను పుట్టించెనని అనరాదు. రోమున ఆ పండుగ 336 నాటికే యున్నది. వివాదము పండుగను పుట్టింపలేదు. దానికి పనిని కల్పించెను. తూర్పు సంఘములలో జనవరి 6న జరిగిన ప్రత్యక్షతా పర్వమున క్రీస్తు జననమును, బాప్తిస్మమును కలిసియుండెడివి. క్లెమెంటు కాలముననే బాసిలిడీస్ అను గురువు అనుయాయులు బాప్తిస్మమును జనవరిలోని దినములందు పాటించుచుండిరి. యేసు బాప్తిస్మముననే దేవుని కుమారుడాయెనను బోధకు అట్టి పండుగలో చోటు దొరకవచ్చును. జననమునకు వేఱుగా ఒక దినమేర్పడినపుడు, ఆయన తొట్టిలోనున్నపుడే దేవుడు అను విశ్వాసమునకు పంచాంగముననే రుజువు దొరకినట్లయ్యెను. చదువురాని రైతుకు నైసియా సభ వాడిన గ్రీకు పదము తెలియనక్కఱలేదు; ఆ రాత్రి దేవాలయమునకు వచ్చి పసిబిడ్డయెదుట మోకరించినచో ఆ పదముయొక్క అర్థము అతనికి అందినదే. సిరియక్కు భాషలో ఎఫ్రేము రచించిన జననగీతములు ఈ పనినే పాటతో సాధించినవి. ఆయన 373లో మరణించెను. ఆయన గీతములలోని వైరుధ్యాలంకారములు, లోకమును పోషించువాడు తల్లిపాలను కోరుట వంటివి, సిద్ధాంతమును జోలపాటగా మార్చినవి.

అన్ని సంఘములును ఒక్కసారిగా ఒప్పుకొనలేదు. యెరూషలేము సంఘము ఆఱవ శతాబ్దిలో జస్టీనియన్ చక్రవర్తి కాలమునకుగాని డిసెంబరు 25ను స్థిరముగా గ్రహింపలేదు. ఆర్మీనియా సంఘము నేటికిని జనవరి 6ననే జననమును, బాప్తిస్మమును కలిపి జరుపుచున్నది. తేదీ విషయమున ఇట్టి భేదముండగా, ఈ పర్వముయొక్క ప్రాణము తేదీలో లేదనుటకు వేఱు సాక్ష్యమక్కఱలేదు.

4. పర్వకాలముయొక్క నిర్మాణము

క్రిస్మస్ ఒక దినము కాదు; అదియొక కాలము. దానికి ముందు నిరీక్షణమును, తరువాత కొన్ని దినముల స్మరణమును కలవు. ఈ నిర్మాణము ఏ యొక్కరి కల్పనయు కాదు. మూడు నాలుగు శతాబ్దులలో పొరలు పొరలుగా ఏర్పడినది.

నిరీక్షణ కాలమునకు లాటినులో గల పేరునకు రాక యని యర్థము. తెలుగు క్రైస్తవులు ఆగమన కాలమందురు. ఆ లాటిను పదము రోమను రాజ్యాంగ పరిభాషలోనిది. చక్రవర్తి యొక నగరమునకు తొలిసారి విచ్చేయునపుడు పౌరులు ఊరివెలుపలికి ఎదురేగి, దివిటీలతో, స్తోత్రపాఠములతో లోనికి తోడ్కొనివచ్చు ఉత్సవమునకు అది పేరు. ఆ మాటను క్రైస్తవులు తీసికొని, సత్రమున చోటు దొరకని యొక బిడ్డ రాకకు వాడిరి. లూకా సువార్త తన కథను అగస్టస్ చక్రవర్తి ఆజ్ఞతో ఆరంభించుట ఇచట స్మరింపదగినది. లోకమంతటిని లెక్కవ్రాయించుకొను చక్రవర్తి యొకవైపు, ఆ లెక్కకొఱకు ఊరు విడిచి వచ్చిన నిండు చూలాలు మఱియొకవైపు. ఎవరి రాకకు ఎదురేగవలెనను ప్రశ్న ఆ పేరులోనే యున్నది.

గాల్ దేశపు తూర్సు నగర బిషప్పు పెర్పెట్యుయస్, నవంబరు 11న జరుగు సెయింటు మార్టిన్ పండుగనుండి క్రిస్మస్‌వఱకు వారమునకు మూడు దినములు ఉపవసింపవలెనని ఐదవ శతాబ్దిలో నియమించినట్లు తూర్సు గ్రెగరీ తెలిపెను. తరువాత రోము సంప్రదాయమున ఈ కాలము నాలుగు ఆదివారములకు కుదిరినది. ఆ నాలుగు వారములలో స్మరింపబడునది గతించిన జననము మాత్రమే కాదు. లోకాంతమున న్యాయాధిపతిగా వచ్చు రెండవ రాకడయు అందు ముఖ్యమే. పండ్రెండవ శతాబ్దిలో బెర్నార్డు వీనికి మూడవ రాకను చేర్చెను. అది భక్తుని హృదయమునకు నిత్యము జరుగు రాక. మొదటిది దైన్యమున, చివరిది మహిమతో, నడిమిది రహస్యముగా జరుగునని ఆయన వివరణ. ఆగమన కాలపు ఆరాధనయందు ఊదారంగు వస్త్రములను ధరించుట, గ్లోరియా యను స్తోత్రమును మానుట ఈ కారణముననే. నిరీక్షించువాడు పండుగను ముందే తినివేయరాదు.

మనదేశమున ఇంచుమించు అదే ఋతువున ధనుర్మాసము వచ్చును. తెల్లవారకముందే లేచి, నెలదినములు వ్రతము సలిపి, తిరుప్పావై పఠించి సంక్రాంతికి సిద్ధమగు వైష్ణవ సంప్రదాయము మన పాఠకులకు తెలిసినదే. రెండింటి తత్త్వములు వేఱు. కాని పండుగకు ఆకలి కావలెననియు, ఆ ఆకలిని నియమముతో పెంచుకొనవలెననియు రెండు సంప్రదాయములును ఎఱుగును.

జననదినమునకు తరువాతి దినములు ఇంకను ఆలోచింపదగినవి. డిసెంబరు 26 స్తెఫనుయొక్క దినము. రాళ్లతో కొట్టబడి మరణించిన తొలి హతసాక్షి ఆయన. 27 యోహాను దినము. 28, హేరోదు చంపించిన బేత్లెహేము పసిబిడ్డల దినము. ఉయ్యాలకు మఱునాడే రక్తము! ఇది పంచాంగకర్తల పొరపాటని ఎవరికైనను తోచవచ్చును. అట్లు కాదని తొలి వ్యాఖ్యాతలకు తెలియును. ఉత్తరాఫ్రికాకు చెందిన బిషప్పు ఫుల్జెంటియస్ ఆఱవ శతాబ్ది తొలిభాగమున స్తెఫను పండుగనాడు చేసిన ప్రసంగమున, నిన్నటి రాజు జననమును నేటి సైనికుని విజయమును జోడించి చెప్పెను. రాజు పైనుండి దిగివచ్చెను గనుకనే సైనికుడు పైకెక్కగలిగెనని దాని సారము. ఇంతకుముందు చెప్పిన పాలికార్పు కథ ఇచట మరల వినబడుచున్నది. మరణదినమును జన్మదినమనిన ఆ పాత వాడుక క్రొత్త పండుగలో అణగిపోలేదు. దాని ప్రక్కనే కూర్చున్నది.

జనవరి 6న పశ్చిమ సంఘములు జ్ఞానుల రాకను స్మరించును. జ్ఞానులు ముగ్గురనిగాని, రాజులనిగాని మత్తయి చెప్పలేదు. చెప్పినది మూడు కానుకలను మాత్రమే. రెండవ శతాబ్దిలోనే ఐరీనియస్ వానికి అర్థము చెప్పెను. బంగారము రాజునకు, సాంబ్రాణి దేవునకు, బోళము మానవులకొఱకు మరణించి పాతిపెట్టబడువానికి. శవసంస్కారమునకు వాడు ద్రవ్యము పసిబిడ్డకు కానుకగా వచ్చినది! తూర్పు దేశముల చిత్రకారులు ఆ బిడ్డను చీకటి గుహలో, శవమునకు చుట్టినట్లు పొత్తిగుడ్డలు చుట్టి చిత్రించిరి. డిసెంబరు 25నుండి జనవరి 6వఱకు గల దినములను ఏకపర్వముగా 567లో తూర్సు సభ గుర్తించెను. నిరీక్షణముతో మొదలై, జననముతో వెలిగి, హతసాక్షుల రక్తముతో తడిసి, అన్యజనుల రాకతో ముగియు ఈ వరుసయే క్రిస్మస్‌యొక్క భాష్యము. దీనినుండి ఒక్క దినమును త్రుంచి తీసికొన్నచో ఆ దినపు అర్థమును త్రుంగిపోవును.

5. తొట్టియు అవతారమును

ఈ వరుసకు నడుమనున్న దృశ్యము పశువుల తొట్టి. ఆ తొట్టియొద్ద ఎద్దును గాడిదయు ఉన్నట్లు సువార్తలు చెప్పవు. యెషయా ప్రవచనారంభమున, యజమానుని గుర్తించు ఎద్దును, గాడిదను పేర్కొని, గుర్తింపని ప్రజలను నిందించు వాక్యమొకటి కలదు. దానినుండి ఆ జంతువులు జననదృశ్యమున ప్రవేశించినవి. నాలుగవ శతాబ్దిలోనే రాతి శవపేటికలపై ఆ శిల్పములు కనబడుచున్నవి. పశువు గుర్తించినది, మనుష్యుడు గుర్తింపలేదను నింద ఆ అందమైన దృశ్యమున అణగియున్నది.

1223లో ఇటలీలోని గ్రెచ్చో అను కొండయూరిలో అస్సీసీ ఫ్రాన్సిసు ఈ దృశ్యమును సజీవముగా నిలిపెను. తొట్టిని, ఎండుగడ్డిని, ఎద్దును, గాడిదను తెప్పించి, అచటనే ఆరాధన జరిపించి, తాను సువార్తను పాడి ప్రసంగించెను. ఆయన చరిత్రను వ్రాసిన చెలానో థామస్, ఆ బిడ్డ అనుభవించిన లేమిని కన్నులార చూడవలెననుట ఫ్రాన్సిసు కోరికయని తెలిపెను. ధనికుడైన వస్త్రవర్తకుని కుమారుడై పుట్టి, సర్వమును త్యజించి దారిద్ర్యమును వరించిన ఫ్రాన్సిసుకు తొట్టి అలంకారము కాదు. అది ఆయన జీవితమార్గమునకు మూలము.

ఇచట మన భాషకు సంబంధించిన యొక విషయము కలదు. తెలుగున క్రైస్తవ రచయితలు ఈ తత్త్వమును చెప్పుటకు అవతార శబ్దమును గ్రహించిరి. ధాతువును బట్టి దానికి దిగివచ్చుట యని యర్థము. ఈ శబ్దము తెలుగు పాఠకునకు ద్వారము తెఱచును. అందు సందేహము లేదు. గజేంద్రమోక్షణ కథను పోతన నోట విన్న జాతికి, ఆర్తుని పిలుపునకు దేవుడు తన వైభవమును మఱచి పరుగెత్తి వచ్చుననుట క్రొత్త కాదు. కాని పోలిక ఉన్నచోటనే భేదమును గుర్తింపవలెను. గజేంద్రునికొఱకు వచ్చినవాడు చక్రముతో మకరిని ఖండించెను. తొట్టిలోని శిశువు ఎవ్వరిని రక్షింపజాలని స్థితిలో ఉన్నాడు. ఆయననే ఇతరులు రక్షింపవలెను, హేరోదునకు భయపడి ఐగుప్తునకు కొనిపోవలెను. అవతారములు పెక్కు, యుగయుగమున జరుగును. క్రైస్తవ సిద్ధాంతమున ఇది ఒక్కమాఱే జరిగినది. అవతారమున లీల ప్రధానము. ఇచట రిక్తత, అనగా తన్ను తాను వట్టివానిగా చేసికొనుట ప్రధానము. ఈ భేదమును గమనింపక రెండింటిని ఒకటిగా చెప్పుట రెండు సంప్రదాయములకును న్యాయము చేయుట కాదు.

తెలుగు కవులు ఈ కథను పరాయిదిగా చూడలేదు. పదునెనిమిదవ శతాబ్దిలో మంగళగిరి ఆనందకవి వేదాంత రసాయనమను కావ్యమున క్రీస్తు కథను తెలుగు పద్యరీతిలో చెప్పెను. పందొమ్మిదవ శతాబ్దిలో పురుషోత్తమ చౌదరి రచించిన కీర్తనలు నేటికిని తెలుగు క్రైస్తవ సంఘములలో పాడబడుచున్నవి. గుఱ్ఱం జాషువ రచించిన క్రీస్తు చరిత్రకు 1964లో సాహిత్య అకాడమీ బహుమతి లభించెను. అస్పృశ్యత వలని అవమానములను స్వయముగా అనుభవించి, వానిని కావ్యవస్తువుగా చేసిన కవి, చోటు దొరకని శిశువు కథను చేపట్టుట యాదృచ్ఛికము కాదని నా తలంపు. వెలుపల నిలుపబడినవానికి తొట్టి యేమి చెప్పునో లోపలనున్నవానికి తెలియుట కష్టము.

6. పండుగ వలదన్నవారు

ఈ అర్థమునకు పండుగయే శత్రువు కావచ్చునను భయమును క్రైస్తవ చరిత్రలో కలదు. ఆ భయము మొదటి ప్రసంగముననే యున్నది. గ్రెగరీ నాజియాంజెన్ ఆ 379–380 నాటి ప్రసంగమున, గడపలకు తోరణములు కట్టవలదు, నాట్యములు వలదు, వీధులను సింగారింపవలదు, సుగంధములు, విలువైన మద్యములు వలదు అనెను. మనవంటి మట్టితోనే చేయబడినవారు ఆకలితో నుండగా మనము విందులలో పోటీపడరాదని ఆయన హెచ్చరిక. పండుగ ఆ నగరమున అడుగిడిన నాడే దానిని గూర్చిన విమర్శయు అడుగిడినది.

పదునేడవ శతాబ్దిలో ఇంగ్లండునందలి ప్యూరిటనులు ఈ విమర్శను చివరివఱకు కొనిపోయిరి. బైబిలులో లేని పండుగ, త్రాగుటకును జూదమునకును నెపమైన పండుగ అక్కఱలేదని వారి వాదము. 1647లో పార్లమెంటు క్రిస్మస్ పండుగను రద్దుచేసెను. అమెరికాలోని మసాచుసెట్సు వలసరాజ్యమున 1659లో చేసిన శాసనము పండుగ జరుపువారికి ఐదు షిల్లింగుల జుల్మానా విధించెను. అది 1681లో రద్దయ్యెను. వారి వాదమును తేలికగా త్రోసివేయరాదు. తేదీకి శాస్త్రాధారము లేదనుట నిజము; విందులు అర్థమును మ్రింగుననుటయు నిజము. కాని వారు పండుగను తీసివేసినపుడు నిరీక్షణమును, పసిబిడ్డల స్మరణమును, జ్ఞానుల రాకను కూడ తీసివేసిరి. కలుపుతో పాటు పైరును పోయినది. 1843లో డికెన్సు రచించిన క్రిస్మస్ కథ ఇంగ్లీషువారి మనస్సులలో ఆ పండుగను దయాధర్మములతో ముడివేసెను. అందు లోభి మారుట కలదు, పేదబిడ్డ కలడు. తొట్టి మాత్రము దాదాపు కనుమఱుగైనది. గ్రెగరీ కోరిన దయ అందున్నది, ఆ దయకు ఆయన చెప్పిన కారణము మాత్రము వెనుకబడినది.

7. ఉపసంహారము

పండుగలను గూర్చి పరిశోధించువారు మూలమును కనుగొనగానే పని ముగిసినదని తలంచుట కలదు. సంక్రాంతి సూర్యుని పండుగ, బతుకమ్మ పూల పండుగ, క్రిస్మస్ సూర్యపూజకు మాఱురూపు అని యొక్క వాక్యమున తేల్చివేయుదురు. మూలము ముఖ్యమే, కాని విత్తును చూచి చెట్టు నీడ యెంతయో చెప్పలేము. ఉసెనర్ వాదమే నిజమని ఒప్పుకొన్నను, పెరుగు పగటిని కొలిచిన జనులు ఎందులకు చిన్న బిడ్డవైపు తిరిగిరను ప్రశ్న మిగిలియే యుండును. డ్యుషేన్ వాదమే నిజమైనను, మరణదినమునుండి జన్మదినమును లెక్కించిన మనస్సును గ్రహింపవలసియే యుండును. ఆ మనస్సుకు జననమరణములు రెండు కావు.

క్రిస్మస్ పర్వకాలముయొక్క అంతరార్థము ఈ చరిత్రనుండి ఇట్లు తేలుచున్నది. అది ఒక మహాపురుషుని పుట్టినరోజు కాదు. అట్టి పుట్టినరోజులను తొలి క్రైస్తవులు తిరస్కరించిరి. అది కేవలము వెలుగు పండుగయు కాదు. దాని నడుమ బోళమును, పసిబిడ్డల రక్తమును ఉన్నవి. దేవుడు పైనుండి పాలించుట చాలక, మనుష్యుని లేమిలోనికి దిగి, అందే మరణమువఱకు నిలిచెనను విశ్వాసము దాని ప్రాణము. ఆ రాకకు సిద్ధపడుటకు ఉపవాసమును, దానిని గుర్తించుటకు పేదవానివంక చూచు చూపును, దానికి సాక్ష్యమిచ్చుటకు ప్రాణమును ఆ పర్వకాలము వరుసగా అడుగుచున్నది. ఈ విశ్వాసమును అంగీకరించుటయు, మానుటయు పాఠకుని యిష్టము. దానిని అంగీకరింపనివానికి సయితము ఈ వరుస తెలిసినచో, ఇండ్లముందు వ్రేలాడు నక్షత్రదీపము వెనుక ఎంత చీకటి, ఎంత నిరీక్షణము ఉన్నవో తెలియును.